చీకటి నెలకు ఒక నియమం కావాలి

మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదని, పుష్యంలో పూస గుచ్చ పొద్దుండదని మా అమ్మమ్మ ప్రతి చలికాలంలోనూ అనేది. లెక్క చూస్తే ఆ మాటల్లో కొంత అతిశయోక్తి ఉంది. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. అక్కడ ఏడాదిలో అతి చిన్న పగలు కూడా 11 గంటల పాటు ఉంటుంది, అతి పెద్ద పగలు 13 గంటలను కొద్దిగా దాటుతుంది. తేడా అంతా కలిపి సుమారు రెండు గంటలు. నేను ఇప్పుడు ఉంటున్న ఊమియో నగరం స్వీడన్ ఉత్తర భాగంలో, దాదాపు 64 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ డిసెంబరు మూడో వారంలో పగలు నాలుగున్నర గంటలే. మధ్యాహ్నం రెండు కాకముందే పొద్దు గుంకుతుంది. జూన్‌లో ఇదే ఊళ్ళో 20 గంటలకు పైగా ఎండ కాస్తుంది. ఇంత తేడా ఉన్న చోట మనుషులు చీకటి గురించి ఆలోచించడంలో వింత లేదు. రెండు గంటల తేడా మాత్రమే ఉన్న మన నేల మీద, ఆ కాస్త చీకటి చుట్టూ నెల పొడవునా వ్రతం, కీర్తన, ముగ్గు, నైవేద్యం ఎందుకు అల్లుకున్నాయన్నదే నన్ను ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ వదలని ప్రశ్న.

చలికాలపు చీకటి ఆత్మపరిశీలనకు అనువైన కాలమని, మనిషి తనలోకి తాను చూసుకుని ఎదగడానికి ప్రకృతి ఇచ్చిన అవకాశమని చాలామంది చెబుతుంటారు. ఆ మాటను నేను సగమే ఒప్పుకుంటాను. చీకటి మనిషిని లోపలికి నెడుతుంది, అంతవరకు నిజం. లోపలికి వెళ్ళాక ఏం చేయాలో అది నేర్పదు. ఏ ఏర్పాటూ లేకుండా లోపలికి వెళ్ళినవాడు బాగుపడి బయటికి వస్తాడన్న భరోసా ఏమీ లేదు, మరింత కుంగిపోయి రావడానికే ఎక్కువ అవకాశం ఉంది. ఎదుగుదల కావాలంటే ఆ కాలానికి ఒక నియమం ఉండాలి, పక్కన నలుగురు ఉండాలి, ఫలానా రోజున ఇది ముగుస్తుందని ముందే తెలిసి ఉండాలి. మన ధనుర్మాసంలో ఇవన్నీ ఉన్నాయి. వాటిని పోగొట్టుకుంటూ చీకటిని మాత్రం పొగడటం నాకు బాధ కలిగిస్తుంది.

ముందు శరీరం సంగతి చూద్దాం. కంటి వెనుక పొరలో చూపుతో పెద్దగా పని లేని కొన్ని ప్రత్యేక కణాలు ఉన్నాయని, అవి వెలుతురు ఎంత ఉందో కొలిచి మెదడుకు చేరవేస్తాయని ఈ శతాబ్దం మొదట్లో శాస్త్రజ్ఞులు తేల్చారు. మెదడు అడుగున ఉన్న ఒక చిన్న కేంద్రం ఆ కబురు అందుకుని శరీరంలోని గడియారాన్ని సరిదిద్దుతుంది. చీకటి పడ్డాక నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోను ఊరడం మొదలై, తెల్లవారాక ఆగిపోతుంది. 1990ల మొదట్లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో థామస్ వేర్ అనే పరిశోధకుడు కొందరిని నాలుగు వారాల పాటు రోజుకు 14 గంటల చీకటిలో ఉంచి చూశాడు. మొదట్లో వాళ్ళు పాత అప్పు తీర్చుకున్నట్టుగా ఒళ్ళు మరిచి నిద్రపోయారు. తర్వాత వాళ్ళ నిద్ర రెండు ముక్కలైంది. ఆ రెంటి నడుమ ఒకటి నుంచి మూడు గంటల పాటు మెలకువగా, నెమ్మదిగా ఉండేవారు. అమెరికా చరిత్రకారుడు రోజర్ ఎకిర్చ్ 2001లో, విద్యుద్దీపాలు రాకముందు యూరపులో జనం ఇలాగే తొలినిద్ర, మలినిద్రగా పడుకునేవారని, నడుమ లేచి ప్రార్థన చేసుకునేవారని, వచ్చిన కల గురించి ఆలోచించేవారని పాత ఉత్తరాలు, కోర్టు కాగితాల ఆధారంగా రాశాడు. ఇది మానవులందరికీ సహజమైన నిద్ర అని మాత్రం అనలేం. టాంజానియాలో, నమీబియాలో, బొలీవియాలో కరెంటు లేకుండా బతికే సముదాయాలను పరిశీలించి 2015లో వెలువడిన అధ్యయనంలో అలాంటి రెండు ముక్కల నిద్ర కనిపించలేదు. నేను ఇక్కడ తీసుకునేది చిన్న సంగతే: రాత్రి పొడవైతే, దీపాలు అడ్డు రాకపోతే, మనిషికి ఎవరి పనీ లేని ఒక మెలకువ దొరుకుతుంది. మన పెద్దలు రాత్రిని జాములుగా లెక్కపెట్టి, శివరాత్రి నాడు జాముకొక అభిషేకం పెట్టుకున్నారంటే ఆ మెలకువ వాళ్ళకు బాగా తెలిసినదే.

ఆ మెలకువలో మనసు ఏం చేస్తుందన్నది అసలు చిక్కు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో టిమొథీ విల్సన్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాలు ఇక్కడ చెప్పుకోవాలి. మనుషులను ఖాళీ గదిలో, ఫోనూ పుస్తకమూ లేకుండా 6 నుంచి 15 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, మీ ఆలోచనలతో మీరుండండి అన్నారు. చాలామందికి అది నచ్చలేదు. ఒక ప్రయోగంలో మీట నొక్కితే తమకు తామే కరెంటు షాకు ఇచ్చుకునే వీలు కల్పించారు. ఆ షాకు తప్పించుకోవడానికి డబ్బు అయినా ఇస్తామని అంతకుముందు చెప్పినవాళ్ళే, 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు, ఆ పావుగంటలో కనీసం ఒకసారి మీట నొక్కారు. పావుగంట ఏకాంతానికే ఇలా ఉంటే, పద్నాలుగు గంటల రాత్రి ఒంటరిగా కూర్చున్న మనిషి తనంత తాను జ్ఞాని అవుతాడని ఎలా అనుకోగలం? మనస్తత్వశాస్త్రజ్ఞురాలు సుసాన్ నోలెన్ హోక్సెమా జీవితమంతా ఒక విషయం మీద పనిచేశారు: జరిగిన దాన్నే తిప్పి తిప్పి తలపోసుకోవడం వల్ల దిగులు తగ్గకపోగా ఇంకా సాగుతుంది. బయటి నుంచి చూస్తే ఆ తలపోత కూడా ఆత్మపరిశీలన లాగే కనిపిస్తుంది. ఆ మనిషి కదలకుండా కూర్చుని ఉంటాడు, మౌనంగా ఉంటాడు, తన గురించే ఆలోచిస్తుంటాడు.

ఈ పోలిక ఎంత మోసం చేస్తుందో దగ్గర్నుంచి చూశాను. ఊమియో విశ్వవిద్యాలయంలో చదవడానికి నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మొదటి నవంబరులోనే గదిలోంచి బయటికి రావడం తగ్గించాడు. నేను ఫోన్ చేస్తే, "ఏం లేదన్నా, కొన్నాళ్ళు నాతో నేనుందామనుకుంటున్నా" అన్నాడు. మంచి మాటే. ఇంట్లో వాళ్ళు కూడా పిల్లవాడికి బుద్ధి కుదురుకుందని సంతోషించారట. వారం తర్వాత వెళ్ళి తలుపు కొడితే, మధ్యాహ్నం ఒంటిగంటకు కర్టెన్లు వేసుకుని పడుకుని ఉన్నాడు. పొయ్యి మీద గిన్నెలో అన్నం ఎండి అట్టకట్టి ఉంది. టేబుల్ మీద ఒక కొత్త నోటుబుక్కు ఉంది. దానిలో మొదటి పేజీ నిండా ఒకే వాక్యం, పరీక్షలో తప్పడం గురించి, మళ్ళీ మళ్ళీ రాసి ఉంది. అతనికి అప్పుడు కావలసింది ఆత్మపరిశీలన కాదు, డాక్టరు. వైద్యశాస్త్రం ఈ రుతుసంబంధమైన కుంగుబాటును 1984 నుంచి పేరు పెట్టి గుర్తిస్తోంది. నార్మన్ రోసెన్తాల్ దాన్ని వర్ణించిన వ్యాసం రాసిన బృందంలో పైన చెప్పిన వేర్ కూడా ఒకరు. పొద్దున్నే ఓ అరగంట పాటు 10,000 లక్సుల ప్రకాశమున్న దీపం ముందు కూర్చోవడం దానికి చేసే చికిత్సల్లో ఒకటి. అవసరాన్ని బట్టి మందులు, మాట్లాడి చేసే చికిత్స కూడా ఉంటాయి. ఆ కుర్రవాడు కోలుకున్నాడు. చలికాలపు చీకటిని మెచ్చుకుంటూ రాసే ప్రతి ఒక్కరూ ఈ సంగతిని కూడా రాయాలని నా పట్టుదల. నిద్ర, తిండి, చదువు మీద ధ్యాస వారాల తరబడి చెడితే అది అంతర్ముఖత్వం అనిపించుకోదు, జబ్బు. దాన్ని ఆధ్యాత్మికత పేరు చెప్పి కప్పిపెట్టడం పాపం.

ఉత్తర దేశాల వాళ్ళు చీకటితో రెండు రకాలుగా వ్యవహరించడం చూశాను. ఒకటి దాన్ని తరిమే పద్ధతి. 2012లో మా ఊమియోలోనే విద్యుత్ సంస్థ కొన్ని బస్‌స్టాపుల్లో చికిత్స దీపాలు అమర్చింది, బస్సు కోసం నిలబడ్డవాళ్ళ ముఖాన కాస్త పగలు పడాలని. నార్వేలో రియూకన్ అనే ఊరు లోయలో ఉండటం వల్ల సెప్టెంబరు నుంచి మార్చి దాకా నీడలోనే మగ్గుతుంది. అక్కడి కర్మాగారం వాళ్ళు 1928లో జనం కొండెక్కి ఎండ మొహం చూసి రావడానికి కేబుల్ కారు మార్గం వేశారు. 2013లో కొండమీద మూడు పెద్ద అద్దాలు నిలబెట్టి ఊరి కూడలిలోకి ఎండను మళ్ళించారు. ఆ అద్దాల వెలుగులో కుర్చీలు వేసుకుని కూర్చున్న ముసలివాళ్ళ ఫోటోలు చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఎండ కోసం మనిషి పడే ఆరాటాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు.

రెండోది చీకటికి ఇంట్లో చోటు పెట్టే పద్ధతి. నార్వేలోనే ట్రోమ్సో అనే నగరం ఆర్కిటిక్ వలయానికి పైన ఉంది. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు దిగంతం దాటి పైకి రాడు. మధ్యాహ్నం కొన్ని గంటలు నీలిరంగు సంజ మాత్రం ఉంటుంది. కారీ లైబోవిట్జ్ అనే అమెరికా పరిశోధకురాలు 2014లో అక్కడికి వెళ్ళి, యోర్ విట్టెర్షో అనే స్థానిక ఆచార్యుడితో కలిసి, చలికాలం గురించి జనం ఏమనుకుంటారో ప్రశ్నలడిగింది. దక్షిణాన ఉన్న ఓస్లో వాళ్ళకన్నా ట్రోమ్సో వాళ్ళు, వాళ్ళకన్నా ఇంకా ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ వాళ్ళు చలికాలాన్ని ఎక్కువ సుముఖంగా చూస్తారని తేలింది. అలా చూసేవాళ్ళ జీవితం కూడా ఎక్కువ తృప్తిగా ఉంది. దీన్ని పట్టుకుని "దృష్టి మారితే చాలు" అనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే భరించలేనివాళ్ళు ఆ ఊళ్ళు వదిలి వెళ్ళిపోయి ఉంటారు కదా. కానీ అక్కడి వాళ్ళకు ఆ దృష్టి గాలిలోంచి ఊడిపడలేదు. నుదుటికి లైటు కట్టుకుని మంచు మీద నడకకు వెళతారు, కిటికీలో దీపం పెడతారు, ఒకరింటికి ఒకరు కాఫీకి వెళతారు. సూర్యుడు తిరిగి కనిపించే జనవరి రోజున జామ్ నింపిన తీపి రొట్టెలు తింటూ పిల్లాపెద్దా పండుగ చేసుకుంటారు. ముగింపు ఎప్పుడో అందరికీ తెలుసు కనుక ఆ నడిమి కాలాన్ని నిబ్బరంగా గడపగలుగుతారు.

స్వీడన్‌లో డిసెంబరు 13 తెల్లవారుజామున లూసియా పండుగ వస్తుంది. తెల్లని అంగీలు వేసుకున్న పిల్లలు, ముందు నడిచే అమ్మాయి తలమీద కొవ్వొత్తుల కిరీటంతో, చీకటి గదిలోకి పాడుతూ వస్తారు. పాత జూలియన్ పంచాంగం ప్రకారం ఒకప్పుడు ఏడాదిలో అతి పొడవైన రాత్రి ఆ తేదీకే పడేది. ఆ పాట వినడానికి మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు మా ఊరే గుర్తుకొచ్చింది. ఎందుకంటే ఆ తర్వాత రెండు మూడు రోజులకే మా కోనసీమలో నెల పడతారు. సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించే ఆ రోజు నుంచి భోగి దాకా తెల్లవారుజామే రోజుకు కేంద్రం.

తెల్లవారుజామే ఎందుకు అన్నదానికి ఆకాశంలో ఒక చక్కని జవాబు ఉంది. చలికాలంలో చీకటి రెండు వైపులా సమానంగా పెరగదు. భూమి జనవరి మొదటి వారంలో సూర్యుడికి అతి దగ్గరగా ఉండి తన కక్ష్యలో వేగంగా తిరుగుతుంది. దానికి అక్షం వాలు కూడా తోడై, ఆ రోజుల్లో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ రోజురోజుకూ కాస్త ఆలస్యమవుతుంది. అందువల్ల మన అక్షాంశంలో సాయంత్రాలు నవంబరు నెలాఖరు నుంచే పొడవు కావడం మొదలవుతుంది. ఉదయాలు మాత్రం సంక్రాంతి దాటేవరకు ఇంకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటాయి. హైదరాబాదులో ఏడాదిలోకెల్లా ఆలస్యంగా పొద్దు పొడిచేది డిసెంబరు 21న అనుకుంటారు గాని, అది నిజానికి జనవరి మూడో వారంలో. అంటే ధనుర్మాసం పొడవునా సాయంత్రపు చీకటి తరుగుతూ, తెల్లవారుజాము చీకటి పెరుగుతూ పోతుంది. రోజూ సూర్యుడికన్నా ముందు లేచేవాళ్ళకు గడియారం లేకపోయినా ఇది అనుభవంలోకి వస్తుంది. మన ఏడాది దేవతలకు ఒక రోజు అని, దక్షిణాయనం వాళ్ళ రాత్రి అని, ధనుర్మాసం ఆ రాత్రి చివర వచ్చే బ్రాహ్మీముహూర్తమని పురాణం చెబుతుంది. నేను దాన్ని ఖగోళశాస్త్రంగా వాదించను. ఏడాదిలో ఒక నెలను మొత్తంగా తెల్లవారుజాముగా భావించడం ఎంత గొప్ప ఊహో మాత్రం చెప్పాలనిపిస్తుంది.

మా అమ్మమ్మ ఆ నెలలో కోడికూతకు ముందే లేచేది. కళ్ళాపి చల్లిన వాకిలి చెమ్మారక ముందే ముగ్గు వేయాలి, లేకపోతే పిండి నేలను పట్టదు. లాంతరు గడప మీద పెట్టి, నడుము వంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పిండిని సన్నని ధారగా వదులుతూ ముందు చుక్కలు పెట్టేది. ఇరవై ఒక్క చుక్కతో మొదలైన వరస సందు చుక్కలతో పదకొండు దాకా దిగేది. తర్వాత గీత. చుక్కల మధ్యనుంచి మెలికలు తిరుగుతూ పోయే ఆ గీత ఎక్కడా తెగకుండా మొదలైన చోటికే వచ్చి కలవాలి. ఒక్క మలుపు తప్పితే అవతల మూడు మూలలు పాడవుతాయి, కనుక ఆ సేపట్లో ఆమె ఎవరు పలకరించినా పలికేది కాదు. పక్కన నిలబడి గొబ్బెమ్మల్లో గుచ్చడానికి గుమ్మడిపువ్వులు పట్టుకున్న నేను కూడా నోరు మూసుకుని ఉండేవాణ్ణి. చేతికి పని, మనసుకు ఒక మార్గం ఉన్నప్పుడు పుట్టే మౌనం అది. విల్సన్ ఖాళీ గదిలో కూర్చున్నవాళ్ళకు ఎవరైనా ఇరవై ఒక్క చుక్కలు ఇచ్చి ఉంటే ఆ మీట జోలికి ఎవరూ పోయి ఉండరని నా నమ్మకం.

ఇక తిరుప్పావై. ఈ నెల రోజులూ తిరుమలలో సుప్రభాతం బదులు ఆండాళ్ పాశురాలు వినిపిస్తాయి. ఊరూరా వైష్ణవాలయాల్లో రోజుకొక పాశురం, పొంగలి, దధ్యోజనం. ముప్పై పాశురాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది రెండోది, ఎందుకంటే అందులో వ్రతనియమాలు ఉన్నాయి. నెయ్యి తినం, పాలు తాగం, తెల్లవారకముందే నీళ్ళాడతాం, కాటుక పెట్టుకోం, పూలు ముడుచుకోం, చేయరానివి చేయం, చాడీలు చెప్పం, దానధర్మాలు చేతనైనంత చేస్తాం అని గోపికలు మాట ఇచ్చుకుంటారు. ఈ వరసలో కాటుక పక్కనే చాడీలు ఉండటం చూడండి. మనసును శుద్ధి చేసుకుంటాం అని పెద్ద మాటేదీ ఆండాళ్ ఇక్కడ అనలేదు. ఇది తినను, ఇది పెట్టుకోను, ఈ మాట అనను అని, సాయంత్రానికి లెక్క చూసుకోగలిగిన పనులు చెప్పింది. నెయ్యి మానడం నాకు సులువే. చాడీలు మానదామని ఒక ధనుర్మాసంలో గట్టిగా కూర్చుంటే, ఆఫీసులో మధ్యాహ్న భోజనం దగ్గర నేను మాట్లాడేదాంట్లో అధిక భాగం అక్కడ లేనివాళ్ళ గురించేనని మొదటి వారంలోనే తేలింది. ఏ ధ్యానశిబిరంలోనూ నా గురించి నాకు ఇంత సూటిగా తెలిసిరాలేదు. నియమం వల్ల జరిగే మేలు ఇదే. మన స్వభావం దానికి తగులుకున్నప్పుడే మనకు కనపడుతుంది.

ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం వరకు ఇంకో విశేషం ఉంది. వ్రతానికి బయలుదేరినవాళ్ళు నేరుగా గుడికి పోరు. ఇంటింటికీ వెళ్ళి ఇంకా లేవని నేస్తాలను లేపుతారు. పక్షులు కూశాయి, శంఖం ఊదారు, పెరుగు చిలికే చప్పుడు వినపడటం లేదా అని అడుగుతారు. మూగదానివా, చెవిటిదానివా, నీకెవరైనా మంత్రం వేశారా అని చనువుగా దెప్పుతారు. లోపలున్న పిల్ల బదులు పలుకుతుంది, బయటివాళ్ళు ఊరుకోరు. పది పాశురాలు, అంటే మొత్తంలో మూడో వంతు, ఈ లేపడానికే ఖర్చయ్యాయి. తన ఎదుగుదల తనొక్కడి పని అనుకునే నేటి పద్ధతికి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. మూసుకున్న తలుపు వెనుక ఉన్న మనిషి ధ్యానంలో ఉన్నాడో, దిగులులో ఉన్నాడో తట్టితేనే గాని తెలియదు. నెల్లూరు కుర్రవాడి తలుపు దగ్గర నిలబడ్డప్పుడు నా మనసులో మెదిలినవి ఈ పాశురాలే.

ధనుర్మాసంలో పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు ముహూర్తాలు పెట్టరు. శూన్యమాసం అని దాన్ని చెడ్డ కాలంగా భావించేవాళ్ళు ఉన్నారు. మంచిచెడ్డల మాట అటుంచి, అది చేసే పని చూద్దాం. పిలుపులు ఆగుతాయి, పెట్టుపోతలు ఆగుతాయి, చీర కొనాలి, చదివింపు ఇవ్వాలి అన్న ఆరాటం ఆగుతుంది. అలాగని అది తీరిక కాలమూ కాదు. సార్వా పంట కుప్పనూర్పులు ఆ రోజుల్లోనే, దాళ్వా నారుమళ్ళూ ఆ రోజుల్లోనే. పూస గుచ్చ పొద్దు లేనిది అందుకే. పగటిలోంచి గంట తీసే వీలు లేదు కనుక రాత్రి చివరనుంచి ఒక గంట తీసి పక్కన పెట్టారు. మాసాలలో మార్గశీర్షం నేను అని గీతలో కృష్ణుడు చెప్పుకున్నాడు. పైరు ఇంటికొచ్చే నెలలో, అంతకు మించిన కోరిక లేని నెలలో మనిషి దేవుడి గుమ్మం ముందు నిలబడటం ఆ మాటకు తగినట్టే ఉంది.

ఈ ఏర్పాటులో అన్యాయం లేదని నేను అనను. చలిలో నీళ్ళు ముట్టుకున్నది, పేడ కలిపింది, నైవేద్యం వండింది ఆడవాళ్ళు. మగవాళ్ళం స్నానం చేసి గుడికి వెళ్ళి పొంగలి తిని వచ్చాం. ఎవరి చీకటి ఎవరి ఆత్మోన్నతికి పనికొచ్చింది అని మా అమ్మ ఒకసారి సూటిగానే అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనది. అమ్మమ్మ ముగ్గు ఆమెకు ధ్యానమైందని నేను రాస్తున్నాను గాని, ఆమె వెనుక పొయ్యి, పశువులు, పిల్లలు కాచుకుని ఉండేవని కూడా రాయాలి. ఈ కాలంలో ఎవరైనా ఈ నెలను పాటించదలిస్తే మొదటి నియమం పనుల పంపకమే కావాలి. దేవుణ్ణి నమ్మనివాళ్ళకు ఇందులో చోటు లేదన్న మాట కూడా నేను ఒప్పుకోను. తెల్లవారకముందు లేవడానికి, ఒక మాట తప్పకుండా నిలబెట్టుకోవడానికి, పక్కింటి తలుపు తట్టడానికి ఏ మతమూ అడ్డు రాదు.

కానీ ఊరు వెళ్ళినప్పుడల్లా ఆ తెల్లవారుజామే కనుమరుగవుతోందని తెలుస్తోంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేశాక అక్కడ వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ పల్లెల దాకా ఆ తెల్లని వెలుగు పాకింది. దానివల్ల ఆడపిల్లలు భయం లేకుండా నడుస్తున్నారు, కరెంటు ఆదా అవుతోంది, అది మంచిదే. కాకపోతే ఆ వెలుగులో నీలం వాటా ఎక్కువ, మెలటోనిన్‌ను అణచేది కూడా ప్రధానంగా ఆ నీలి వెలుగే. నిండు పుష్యమాసపు నాలుగో జామున మా వీధి మిట్టమధ్యాహ్నంలా ఉంటుంది. రాత్రి ఆకాశం మీద దీపాల వెలుగు ఎంత పడుతోందో చూపుతూ 2016లో వెలువడిన ప్రపంచ పటం ప్రకారం మానవుల్లో మూడో వంతుకు పైగా తమ ఇంటి దగ్గర పాలపుంతను చూడలేరు. గుడి మైకు సంగతి ఇంకా బాధాకరం. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి వరకు లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి నిబంధనలు ఉన్నా, నాలుగున్నరకే రికార్డు మోగుతుంది. హరిదాసు నెత్తిన అక్షయపాత్రతో చిడతలు కొట్టుకుంటూ ఇంటి ముందు మోకాలు వంచి నిలబడేవాడు. పిల్లలు దోసిట్లో బియ్యం తెచ్చి పోసేవారు. ఆయన హరినామం తప్ప మాట్లాడేవాడు కాదు. ఒక మనిషి గొంతు వీధి చివర మొదలై, దగ్గరై, మళ్ళీ దూరమయ్యే ఆ అనుభవాన్ని మైకు ఇవ్వలేదు. అది ఎవరినీ పేరు పెట్టి లేపదు, అందరి నిద్రనూ ఒకేసారి చెడగొడుతుంది. తిరుప్పావై మీద గౌరవం ఉన్నవాళ్ళే ముందుగా ఆ మైకు ఆపమని ఆలయ కమిటీలను అడగాలి.

ఊమియోలో మేం నాలుగైదు తెలుగు కుటుంబాలం ఉన్నాం. కొన్నేళ్ళుగా డిసెంబరు 16 నుంచి భోగి దాకా ఒక పద్ధతి నడుపుతున్నాం. రోజుకొకరి వంతు, వంతు వచ్చినవాళ్ళు ఉదయం ఐదున్నరకు మిగతావాళ్ళందరికీ ఫోన్ చేసి పేరు పెట్టి లేపాలి. వీడియో పెట్టం. వంతు ఉన్నవాళ్ళు ఆ రోజు పాశురం అర్థం చదువుతారు. దేవుడి మీద నమ్మకం లేని ఒక దంపతులు వేమన పద్యం చదువుతారు. ఆ తర్వాత ఫోన్లు వంటింట్లో పెట్టేసి, దీపం వెలుతురులో అరగంట కూర్చుని, నిన్నటి రోజున ఎవరి గురించి లేనిపోని మాట అన్నామో, ఎవరికి ఇవ్వాల్సింది ఇవ్వలేదో కాగితం మీద రాసుకుంటాం. ఏడు గంటలకు ఆపేస్తాం, ఆ పైన దాని గురించి తలపోసుకోకూడదన్నది కూడా నియమమే. మగవాళ్ళ వంతు ఉన్న రోజున ఆ ఇంట్లో టిఫిన్ కూడా మగవాళ్ళదే. నెల్లూరు కుర్రవాడు చదువు ముగించి ఇక్కడే ఉద్యోగంలో చేరాడు. ఏడింటికి తన చికిత్స దీపం వేసుకుంటాడు. రెండు రోజులు వరసగా ఎవరు ఫోన్ ఎత్తకపోయినా, మూడో రోజు ఎవరో ఒకరు వాళ్ళింటికి వెళ్ళి తలుపు తట్టాలని పోయినేడాది అతనే ప్రతిపాదించాడు, అందరం ఒప్పుకున్నాం. ఈసారి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక చెల్లెమ్మ కొత్తగా చేరుతోంది. ఆమెకు రాత్రి డ్యూటీలు ఉన్న వారంలో తెల్లవారుజాము కుదరదు కాబట్టి, ఆ వారం ఆమెను సాయంత్రం నాలుగింటికి లేపే బాధ్యత నేను తీసుకున్నాను. ఇక్కడ అప్పటికీ చీకటే.